ప్రోగ్రాముల్లో తెలుగు రాత: తరచూ వచ్చే చిక్కులు, వాటిని విప్పే పద్ధతులు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి మొదటి వారాల్లోనే ఒక అభ్యాసం ఇస్తారు. ఇచ్చిన మాటను తిప్పి రాసి, అది అసలు మాటతో సమానమో కాదో చెప్పమంటారు. తెలుగువారు ఎవరైనా ఆ ప్రోగ్రామ్‌కు ముందుగా ఇచ్చి చూడాలనుకునే మాట వికటకవి. పైథాన్‌లో రాసినా, జావాలో రాసినా, జావాస్క్రిప్ట్‌లో రాసినా, పాఠాల్లో చూపే పద్ధతిని అనుసరిస్తే వచ్చే జవాబు ఒక్కటే: సమానం కాదు. ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటుందనే పేరున్న తెనాలి రామకృష్ణుడి బిరుదే ఈ పరీక్షలో తప్పుతోందంటే, లోపం మాటలోనూ లేదు, రాసినవారి తర్కంలోనూ లేదు. మనం అక్షరం అనుకునేదాన్ని కాక, ప్రోగ్రామ్ మరొకదాన్ని తిప్పుతోంది.

మన కంటికి ఈ మాటలో ఐదు అక్షరాలున్నాయి: వి, క, ట, క, వి. కంప్యూటర్ దగ్గర మాత్రం ఏడున్నాయి: వ, గుడి, క, ట, క, వ, గుడి. ఈ ఏడింటినీ వెనకనుంచి పేర్చినప్పుడు మొట్టమొదట గుడి వస్తుంది, దానికి ఆధారమైన హల్లు ముందు ఉండదు కనుక తెర మీద చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది. తెలుగు రాతతో పనిచేసే ప్రోగ్రాముల్లో ఎదురయ్యే ప్రశ్నల్లో పెద్ద భాగం, భాష ఏదైనా సరే, ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. కాబట్టి ఒక్కొక్క భాషకు వేరువేరు చిట్కాలు బట్టీ పట్టడం కన్నా, రాత ఏ మెట్టు దగ్గర పాడైందో గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎక్కువ కాలం పనికొస్తుందని నా నమ్మకం.

ఒకే మాటకు మూడు లెక్కలు

ప్రపంచ లిపుల్లోని ఒక్కొక్క గుర్తుకూ ఒక్కొక్క సంఖ్యను కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. దశాంశ లెక్కలో చెప్పాలంటే 3072 నుంచి 3199 వరకు ఉన్న 128 స్థానాలు తెలుగువి. అందులో క సంఖ్య 3093, పొల్లు సంఖ్య 3149. ఈ సంఖ్యలను కోడ్ పాయింట్లంటారు. గుణింతపు గుర్తులకు, పొల్లుకు, సున్నకు వేరువేరు కోడ్ పాయింట్లున్నాయి గాని, ఒత్తులకు ప్రత్యేకంగా లేవు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా వస్తే రెండో హల్లును ఒత్తుగా చూపించే బాధ్యత ఫాంట్‌ది, ఆ ఫాంట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ది. శ్రీ అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిపి నాలుగు కోడ్ పాయింట్లు ఉండటానికి కారణం ఇదే.

ఈ సంఖ్యలను ఫైల్లో భద్రపరిచే పద్ధతుల్లో (వీటినే ఎన్‌కోడింగ్‌లంటారు) ఇప్పుడు అన్నిచోట్లా వాడుకలో ఉన్నది యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో రోమన్ అక్షరానికి ఒక బైట్ సరిపోతే, తెలుగు కోడ్ పాయింట్ ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. అంటే తెలుగు అనే మాటకు మూడు లెక్కలున్నాయి: అక్షరాలు 3, కోడ్ పాయింట్లు 6, బైట్లు 18. మూడూ సరైనవే. స్ట్రింగ్ పొడవు అడిగినప్పుడు మీ భాష వీటిలో ఏది చెబుతోందన్నదే తెలుసుకోవాల్సిన విషయం.

సీ భాషలోని ఎస్‌టీఆర్‌లెన్, పీహెచ్‌పీలో అదే పేరున్న ఫంక్షన్, గో భాషలోని లెన్, రస్ట్‌లోని లెన్ బైట్లను లెక్కిస్తాయి కనుక 18 అంటాయి. పైథాన్ 3లోని లెన్, రూబీలోని లెంగ్త్, పీహెచ్‌పీలోని ఎంబీ-ఎస్‌టీఆర్‌లెన్, గోలో రూన్ల లెక్క, రస్ట్‌లో చార్స్ లెక్క కోడ్ పాయింట్లను ఎంచి 6 అంటాయి. జావా, జావాస్క్రిప్ట్, సీ-షార్ప్ కూడా 6 అనే చెబుతాయి గాని, అవి ఎంచేది కోడ్ పాయింట్లను కాదు, 16 బిట్ల ముక్కలను. తెలుగు కోడ్ పాయింట్లన్నీ ఒక్కొక్క ముక్కలో ఇమిడిపోతాయి కనుక తేడా బయటపడదు. మాట చివర ఒక నవ్వు ముఖం ఎమోజీ చేర్చి చూస్తే పైథాన్ లెక్క ఒకటి పెరుగుతుంది, జావా లెక్క రెండు పెరుగుతుంది. స్విఫ్ట్, ఎలిక్సిర్ మాత్రం చదివేవారి కంటికి కనిపించే అక్షరాన్నే కొలతగా తీసుకున్నాయి. వాటిలో వికటకవి పరీక్ష మొదటి ప్రయత్నంలోనే నెగ్గుతుంది.

ఏ పనికి ఏ లెక్క వాడాలన్నది కష్టమైన నిర్ణయం కాదు. నిల్వకు, నెట్‌వర్క్ మీద పంపడానికి బైట్లు కావాలి. వెతకడానికి, పోల్చడానికి, భాగాలు చేయడానికి కోడ్ పాయింట్లు కావాలి. మనిషికి చూపించేది, మనిషి టైపు చేసే గడిలో పరిమితి పెట్టేది, మాటను మధ్యలో తెంచి మూడు చుక్కలు పెట్టేది అక్షరాల లెక్కన జరగాలి. వార్తా శీర్షికను బైట్ల లెక్కన తెంచే పీహెచ్‌పీ కోడ్‌ను నేను ఎన్నోసార్లు సరిచేశాను. తెంచిన చోట మూడు బైట్లలో ఒకటో రెండో మిగిలిపోయి, శీర్షిక చివర నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. రస్ట్ ఇలాంటి కోతను అసలు ఒప్పుకోదు, కోడ్ పాయింట్ మధ్యలో తెంచబోతే ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. తప్పుడు రాతను నిశ్శబ్దంగా ముందుకు పంపడం కన్నా అదే మేలు.

అక్షరాలుగా విడగొట్టడం

జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. దానికి తెలుగు భాష కోడ్ ఇచ్చి, గ్రాఫీమ్ స్థాయిలో, అంటే కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్కలుగా, విడగొట్టమంటే సరిపోతుంది. క్రోమ్‌లో ఇది 2020 నుంచే ఉన్నా, ఫైర్‌ఫాక్స్‌లో 2024లో గాని రాలేదు కనుక పాత బ్రౌజర్లు వాడేవారిని దృష్టిలో పెట్టుకోండి. పీహెచ్‌పీలో ఇంటల్ ఎక్స్‌టెన్షన్ ఉంటే గ్రాఫీమ్ పేరుతో మొదలయ్యే ఫంక్షన్లు దొరుకుతాయి. జావాలో బ్రేక్ ఇటరేటర్ ఉంది, ఇంకా నమ్మకమైన ఫలితం కావాలంటే యూనికోడ్ పనులకోసమే ఉన్న ఐసీయూ లైబ్రరీని వాడవచ్చు. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో నేరుగా ఏమీ లేదు. రెజెక్స్ అనే బయటి మాడ్యూల్‌లో పెద్ద ఎక్స్ గుర్తుతో ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు, సాధారణ నియమాల ప్రకారం శ్రీ అనేది ఒక అక్షరం కాదు, శ్ ఒకటి, రీ ఒకటి అని రెండు ముక్కలు. ఆ ప్రమాణంలోనే తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం చేరింది. కాబట్టి మీ లైబ్రరీ ఏ యూనికోడ్‌ను అనుసరిస్తోందన్నదాన్ని బట్టి ఒకే కోడ్ ఒక యంత్రం మీద 1 అని, మరొక యంత్రం మీద 2 అని జవాబివ్వవచ్చు.

ఈ అనుమానం వద్దనుకుంటే సొంతంగా రాసుకోవడం కష్టమేమీ కాదు, ఏ భాషలోనైనా ఇరవై వరుసలకు మించదు. స్ట్రింగ్‌ను కోడ్ పాయింట్ల వరుసగా తీసుకుని మొదటినుంచి నడవండి. వచ్చిన సంఖ్య 3072 నుంచి 3076 లోపు ఉంటే అది సున్న, అరసున్న, విసర్గల జాతి. 3134 నుంచి 3148 లోపు ఉంటే గుణింతపు గుర్తు. 3149 అయితే పొల్లు. 3157, 3158, 3170, 3171 అరుదైన గుర్తులు. వీటిలో ఏది వచ్చినా దాన్ని ముందున్న అక్షరానికి అతికించండి. వచ్చింది 3093 నుంచి 3129 లోపు గాని, 3160 నుంచి 3162 లోపు గాని ఉన్న హల్లయి, దానికి సరిగ్గా ముందున్నది పొల్లయితే దాన్నీ ముందుదానికే అతికించండి. 8204 వస్తే, దాని సంగతి కింద చెబుతాను, దాన్ని కూడా అతికించండి. ఇవి కాక ఏది వచ్చినా కొత్త అక్షరం మొదలైనట్టు. ఇలా తయారైన జాబితాను తిప్పి, అసలు జాబితాతో పోల్చితే వికటకవికి న్యాయం జరుగుతుంది. ఛందస్సు లెక్కించే ప్రోగ్రామ్ రాసేవారు మాత్రం మరొక అడుగు వేయాలి: మాట చివరి పొల్లు హల్లు ఈ లెక్కలో విడి అక్షరంగా వస్తుంది గాని, గురులఘువుల లెక్కలో అది ముందు అక్షరంలో భాగమై దాన్ని గురువు చేస్తుంది.

తెర మీద కనిపించే ఆనవాళ్లు

తెలుగు కనిపించాల్సిన చోట మరేదో కనిపిస్తోందని చెప్పేవారిని నేను ముందు అడిగేది ఏ భాషలో రాశారని కాదు, సరిగ్గా ఏమి కనిపిస్తోందని. ఆ ఆనవాలును బట్టి లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే అది అన్నిటికన్నా చెడ్డ వార్త. తెలుగు అనే మాటకు బదులు ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయంటే, తెలుగు లేని ఏదో పాత సంకేతాల పట్టికలోకి (ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే జాబితాలోకి) రాతను మార్చే ప్రయత్నంలో ఒక్కొక్క కోడ్ పాయింట్ స్థానంలో ఒక్కొక్క ప్రశ్నార్థకం చేరిందన్నమాట. అసలు రాత అక్కడ ఇక లేదు, ఏ మంత్రంతోనూ తిరిగి రాదు. కారణాన్ని సరిచేసి, మూలం నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి రెండు కారణాలు తరచూ కనిపిస్తాయి: కాలమ్ రకం ఎన్‌వార్‌చార్ కాక వార్‌చార్ అయి ఉండటం, లేదా కాలమ్ సరిగ్గానే ఉన్నా కొటేషన్ల ముందు ఎన్ అక్షరం పెట్టకుండా విలువను రాయడం. మైఎస్‌క్యూఎల్‌లో అయితే డేటా ఉన్న పట్టిక సరిగ్గా ఉన్నా, ప్రోగ్రామ్ డేటాబేస్‌తో కలిసే కనెక్షన్ లాటిన్-1 (పశ్చిమ ఐరోపా భాషల పాత సంకేతాల పట్టిక) అని ప్రకటించుకుని ఉండవచ్చు.

రోమన్ చిన్న ఏ మీద వాలు గీత, దాని పక్కన డిగ్రీ గుర్తు గాని కూడిక తీసివేతలు కలిసిన గుర్తు గాని, ఆ తర్వాత మరేదో, ఇదే పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తే సంతోషించండి, డేటా బతికే ఉంది. తెలుగు కోడ్ పాయింట్లన్నీ యూటీఎఫ్-8లో 224 అనే బైట్‌తో మొదలవుతాయి, రెండో బైట్ 176 గాని 177 గాని అవుతుంది. ఆ బైట్లను ఎవరో పశ్చిమ ఐరోపా పట్టిక ప్రకారం చదివారు. ఆ పట్టికలో 224 అంటే వాలు గీత ఉన్న ఏ, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే కూడిక తీసివేతల గుర్తు. పాడైన రాతను అదే పట్టిక ప్రకారం తిరిగి బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదివితే తెలుగు తిరిగి వస్తుంది.

అయితే ఇందులో తెలుగుకే ప్రత్యేకంగా తగిలే ఒక దెబ్బ ఉంది. విండోస్-1252 అనే పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు గడులు ఖాళీగా ఉన్నాయి. తెలుగులో పొల్లుకు మూడో బైట్ సరిగ్గా 141. అరసున్నకు 129, ఏకు 143, ఐకి 144, ఝకు 157. అంటే ఒత్తున్న ప్రతి మాటలోనూ ఖాళీ గడి ఒకటి తగులుతుంది. పైథాన్‌లో ఆ పట్టికతో వెనక్కి మార్చబోతే లోపం చూపి ఆగిపోవడానికి, కొన్ని పాత సాధనాలతో మార్చిన రాతలో ఒత్తులన్నీ రాలిపోయి ఉండటానికి ఇదే కారణం. ఆ ఐదు స్థానాలకు మాత్రం లాటిన్-1 పట్టికను వాడితే, మధ్యలో ఎవరూ వాటిని తుడిచేయకపోయి ఉంటే, పని పూర్తవుతుంది. పైథాన్‌లోని ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ఈ పనిని సొంతంగా చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటా పట్టికలోనే ఇలా నిల్వ ఉంటే, ముందు నకలు తీసుకుని, కాలమ్‌ను బైట్లను ఉన్నవున్నట్టు దాచే బైనరీ రకంలోకి మార్చి, అక్కడినుంచి యూటీఎఫ్8-ఎంబీ4లోకి (దాని సంగతి డేటాబేస్ భాగంలో చెబుతాను) మార్చాలి. నేరుగా మారిస్తే పాడైన రాతే మరింత శాశ్వతమవుతుంది.

ఖాళీ చతురస్రాలు కనిపిస్తే డేటాకు ఏమీ కాలేదు, ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదంతే. సర్వర్ మీద పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ఇది సర్వసాధారణం. మీ సొంత కంప్యూటర్లో విండోస్‌తో వచ్చే గౌతమి గాని నిర్మల గాని ఉంటుంది కనుక అంతా బాగా కనిపిస్తుంది, సర్వర్‌లో అవి ఉండవు. నోటో సాన్స్ తెలుగు, మండలి, సురవరం వంటి ఉచిత ఫాంట్లలో ఒకదాన్ని ప్రోగ్రామ్‌తోపాటే పంపండి.

ఒత్తులు కిందికి దిగకుండా హల్లు, పొల్లు, హల్లు విడివిడిగా కనిపిస్తే ఫాంట్ ఉంది గాని అక్షరాలను కూర్చే ఇంజిన్ లేదు. ఆ కూర్పు పని చేసేది హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో బొమ్మ మీద తెలుగు రాయాలంటే రాఖ్మ్ అనే లైబ్రరీ తోడు ఉండాలి, ఎఫ్‌పీడీఎఫ్2తో పీడీఎఫ్ చేయాలంటే టెక్స్ట్ షేపింగ్‌ను ఆన్ చేయాలి. ఇవేవీ కుదరకపోతే హెచ్‌టీఎంఎల్ పేజీగా తయారుచేసి, తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్‌గా మార్చడం నా అనుభవంలో అన్నిటికన్నా తక్కువ తలనొప్పితో అయ్యే పని.

ఇక తెలుగు ఉండాల్సిన చోట అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు ఉండి, పైన చెప్పిన పద్ధతి ఏదీ అందులో కనబడకపోతే, అది యూనికోడ్‌కు ముందు డీటీపీ పనిలో వాడిన అను వంటి ఫాంట్లతో కూర్చిన రాత కావచ్చు. అందులో నిజంగానే రోమన్ సంకేతాలు నిల్వ ఉంటాయి, ఫాంట్ మాత్రమే వాటిని తెలుగు ఆకారాల్లో చూపిస్తుంది. దీన్ని ఎన్‌కోడింగ్ మార్పుతో సరిచేయలేం. ఆ ఫాంట్‌కు తగిన మార్పిడి పట్టికతో నడిచే కన్వర్టర్ కావాలి, మార్చిన తర్వాత మనిషి ఒకసారి చదివి దిద్దాలి.

ఫైళ్లు, జేసన్, ఎక్సెల్

విండోస్ మీద పైథాన్‌తో తెలుగు ఫైల్ రాయబోతే చార్‌మ్యాప్ అనే మాటతో లోపం వస్తుంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకపోతే పైథాన్ ఆ యంత్రపు పాత పట్టికను తీసుకోవడమే దానికి కారణం. ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ విలువగా యూటీఎఫ్-8 అని ప్రతిసారీ ఇవ్వండి. మార్చడానికి వీల్లేని పాత ప్రోగ్రామ్ అయితే పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 విలువ పెట్టి నడపండి. జావాలో 2022లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 సహజ ఎన్‌కోడింగ్ అయింది. అంతకుముందు వెర్షన్లు నడుపుతున్నవారు ఫైల్ చదివే ప్రతి చోటా, బైట్లుగా మార్చే ప్రతి చోటా దాన్ని స్పష్టంగా రాయాలి.

ప్రోగ్రాములు డేటాను ఇచ్చిపుచ్చుకునే జేసన్ రూపంలో తెలుగు బదులు వెనక్కి వాలిన గీత, యూ అక్షరం, అంకెలూ రోమన్ అక్షరాలూ కలిసిన నాలుగు గుర్తులు కనిపిస్తే కంగారు పడకండి, అది చెల్లుబాటయ్యే రూపమే, చదివినప్పుడు తెలుగే వస్తుంది. ఫైల్ మనుషులు కూడా చదివేది అయితే పైథాన్‌లో ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే విలువను ఫాల్స్ చేయండి, పీహెచ్‌పీలో అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ అనే ఐచ్ఛికాన్ని జోడించండి. సీఎస్‌వీ ఫైల్‌ను రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచినప్పుడు డిగ్రీ గుర్తులు కనిపిస్తే, ఫైల్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో మొదట్లోనే తెలిపే బీఓఎం గుర్తు లేదని అర్థం. పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్‌తో రాస్తే ఆ గుర్తు చేరుతుంది. అదే గుర్తు పీహెచ్‌పీ కోడ్ ఫైల్ మొదట్లో చేరితే మాత్రం కొత్త చిక్కులు తెస్తుంది కనుక, దాన్ని ఎక్సెల్‌కు పంపే ఫైళ్లకే పరిమితం చేయండి.

డేటాబేస్‌లో చోటు

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అనే పేరుతో మొదటినుంచి ఉన్నది నిజానికి మూడు బైట్ల వరకే తీసుకుంటుంది. తెలుగుకు మూడు బైట్లు చాలు గనుక ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాదు. ఒకరోజు ఎవరో శుభాకాంక్షల చివర ఎమోజీ పెడతారు, దానికి నాలుగు బైట్లు కావాలి, వాక్యం అక్కడ తెగుతుంది లేదా లోపం వస్తుంది. 2010లో 5.5.3 వెర్షన్‌లో చేరిన యూటీఎఫ్8-ఎంబీ4 దీనికి పరిష్కారం. 8.0 నుంచి కొత్త డేటాబేస్‌లకు అదే సహజంగా వస్తుంది. ఒరాకిల్‌లో వార్‌చార్2 పొడవు 50 అని రాస్తే, అమరికలు మార్చనంతవరకు అది 50 బైట్లు, అంటే 16 తెలుగు కోడ్ పాయింట్లు. ఇంటిపేరుతో సహా రాసిన పేరు చాలాసార్లు అందులో పట్టదు, 12899 సంఖ్య గల లోపం వస్తుంది. సంఖ్య పక్కన చార్ అని చేర్చితే లెక్క కోడ్ పాయింట్లలోకి మారుతుంది.

పోల్చడం, వెతకడం, వరుసలో పెట్టడం

రెండు మాటలు కంటికి ఒకేలా ఉన్నా ప్రోగ్రామ్ వేరంటుంది. తెలుగులో దీనికి మొదటి అనుమానితుడు 8204 సంఖ్య గల, కంటికి కనిపించని గుర్తు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే చేరుస్తాయి, కొన్నింటిలో మనమే టైపు చేయాలి, కొందరు అసలు పెట్టరు. కాబట్టి వెతకడం కోసం ప్రతి రాతకూ ఒక పక్క నకలు తయారుచేసి, అందులోంచి 8204ను, దాని జంటగా అక్షరాలను కలపడానికి వాడే 8205ను తీసేయండి. చూపించే అసలు రాతలోంచి మాత్రం ఎన్నడూ తీసేయకండి, తీస్తే మాట రూపమే మారిపోతుంది. రెండో అనుమానితుడు ఐత్వం. దాన్ని ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయవచ్చు, ఎత్వం మీద మరొక గుర్తు చేర్చిన రెండు కోడ్ పాయింట్లుగానూ రాయవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ సాధారణీకరణ ఈ రెండింటినీ ఒకటి చేస్తుంది, పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ మూడింటిలోనూ అది సిద్ధంగా ఉంది. 8204ను మాత్రం అది ముట్టుకోదు.

పేర్లను తనిఖీ చేసే కోడ్‌లో జరిగే తప్పు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే అక్కడ యంత్రం ఒక మనిషితో నీ పేరు పేరే కాదని చెబుతోంది. పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ కమల అన్న పేరుకు ట్రూ అంటుంది, సీత అన్న పేరుకు ఫాల్స్ అంటుంది. గుణింతపు గుర్తులు యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, గుర్తులు; కమలలో అవి లేవు, సీతలో ఉంది. పరీక్షించేవారు కమలతో ఒక్కసారి చూసి సరిపెట్టుకుంటే లోపం బయటపడదు. ఇదే కారణంతో పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (రాతలో నమూనాలను వెతికే సూత్రంలో) మాటలను పట్టే డబ్ల్యూ గుర్తు తెలుగు అన్న మాటను త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే ఆ గుర్తు తెలుగును అసలు గుర్తించదు. యూ ఫ్లాగ్ పెట్టి, లెటర్, మార్క్ అనే రెండు యూనికోడ్ వర్గాలనూ కలిపి రాయాలి. జావాలో యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ అనే ఫ్లాగ్ పెడితే సరిపోతుంది. పైథాన్‌లో 3072 నుంచి 3199 వరకు ఉన్న వరుసను, దానితోపాటు 8204ను నేరుగా ఇవ్వడం సులువైన దారి.

తెలుగు అంకెల దగ్గర భాషలు రెండు దారులు పట్టాయి. ౧౨౩ అని ఇస్తే పైథాన్, జావా దాన్ని నూట ఇరవై మూడుగా చదువుతాయి, జావాస్క్రిప్ట్ అది సంఖ్యే కాదంటుంది. ఒకే దరఖాస్తును బ్రౌజర్‌లో ఒక భాష, సర్వర్‌లో మరొక భాష తనిఖీ చేస్తుంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అకారాది క్రమంలో పెట్టడానికి కోడ్ పాయింట్ల వరుస చాలావరకు సరిపోతుంది, కాని పూర్తిగా కాదు. మన వర్ణమాలలో ళ, ఱ చివర హ తర్వాత వస్తాయి, యూనికోడ్‌లో మాత్రం ర తర్వాత ఱ, ల తర్వాత ళ ఉన్నాయి. అందువల్ల కవి కన్నా ముందు కళ వచ్చేస్తుంది. నిఘంటువు వంటి పనికి, ప్రతి మాటకూ వరుసను నిర్ణయించే ఒక పక్క రాత (సార్ట్ కీ) తయారుచేసి, అందులో ళ, ఱలకు హ కన్నా పెద్ద సంఖ్యలిచ్చి, దాని ప్రకారం పేర్చడం ఏ భాషలోనైనా నాలుగైదు వరుసల పని.

ఎస్ఎంఎస్‌లు పంపే ప్రోగ్రామ్ రాసేవారికి ఒక లెక్క. రోమన్ లిపి సందేశంలో 160 అక్షరాలు పడితే, ఒక్క తెలుగు గుర్తు చేరినా పరిమితి 70కి పడిపోతుంది, పొడవైన సందేశాన్ని ముక్కలు చేస్తే ముక్కకు 67. అవి కోడ్ పాయింట్లు గనుక శ్రీ ఒక్కటే నాలుగు తింటుంది. ఖర్చు అంచనా వేసేటప్పుడు కంటికి కనిపించే అక్షరాలను ఎంచితే బిల్లు తప్పుతుంది. అలాగే వెబ్ చిరునామాలో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింట్ తొమ్మిది గుర్తులుగా మారుతుంది, తెలుగు అనే మాటకే 54 అవుతాయి.

పరీక్షకు పెట్టుకోవలసిన మాటలు

మీ ప్రోగ్రామ్ పరీక్షల్లో ఈ మాటలను శాశ్వతంగా ఉంచండి. వికటకవి: అక్షరాలు 5, కోడ్ పాయింట్లు 7, బైట్లు 21. శ్రీ: 1, 4, 12. సాఫ్ట్‌వేర్, కనిపించని గుర్తుతో సహా: 4, 11, 33. కార్త్స్న్యం: 2, 12, 36, కూర్పు ఇంజిన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. విండోస్-1252 పట్టికలోని ఖాళీ గడుల కోసం ఏ, ఐ, ఝ ఉన్న మాటలు కొన్ని, డేటాబేస్ కోసం చివర ఎమోజీ ఉన్న వాక్యం ఒకటి, పేర్ల తనిఖీకి కమల, సీత రెండూ చేర్చండి. జ్ఞా అక్షరాన్ని కూడా, మధ్యలో 8204 ఉన్న రూపంతో సహా పెట్టండి. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 నడిచే ఐఫోన్లలో సందేశంగా వచ్చిన ఆ రూపాన్ని చూపించబోయి యాప్‌లు కుప్పకూలాయి, అదే నెలలో 11.2.6తో ఆ లోపాన్ని సరిచేశారు. పరీక్ష తప్పినప్పుడు తెర మీది ఆకారాన్ని నమ్మకుండా, పైథాన్‌లో ఓఆర్‌డీతో, జావాలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ కోడ్ పాయింట్ ఎట్‌తో ఒక్కొక్క సంఖ్యనూ అచ్చు వేసి చూడండి. ఏ మెట్టు దాటాక సంఖ్య మారిందో, సరిచేయాల్సింది ఆ మెట్టే.